షియాన్‌లో ఒక్క రోజు, గైడ్‌తో: తరచుగా అడిగే ప్రశ్నలు

మేం ఉండేది చైనాలోని షెన్‌జెన్‌లో, మా ఆయన ఉద్యోగం వల్ల. ఇండియా నుంచి ఎవరొచ్చినా షియాన్ తీసుకెళ్లడం మాకు అలవాటైపోయింది, ఇప్పటికి మూడుసార్లు అయింది, మూడోసారి అమ్మా నాన్నతో. వెళ్లొచ్చి ఫొటోలు పెట్టిన దగ్గర్నుంచీ చుట్టాలూ ఫ్రెండ్సూ అవే ప్రశ్నలు అడుగుతున్నారు. ఒక్కొక్కళ్లకీ వాయిస్ మెసేజ్ పెట్టే ఓపిక లేక అన్నీ ఇక్కడ రాసేస్తున్నా.

చైనా దాకా వెళ్లి బీజింగో షాంఘైయో చూడకుండా షియాన్ ఎందుకు?

బీజింగ్ వద్దని కాదు, అది చూడాల్సిందే. కానీ చేతిలో ఒకటే రోజు ఉంటే షియాన్ అంత సులువుగా ఇంకేదీ రాదు. పాత ఊరు మొత్తం ఒక గోడ లోపల ఉంటుంది, ఆ గోడ ఇప్పటికీ చెక్కుచెదరలేదు. ఊరికి తూర్పున 40 కిలోమీటర్ల లోపే మట్టి సైనికులు (టెర్రకోటా ఆర్మీ అంటారే, పాతకాలపు చక్రవర్తి సమాధికి కాపలాగా పాతిపెట్టిన మట్టి బొమ్మల సైన్యం). పైగా హ్యుయెన్ త్సాంగ్ ఉన్న ఊరిది, స్కూల్లో సోషల్ పరీక్షకి బట్టీ పట్టామే, ఆయనే. అప్పట్లో దీని పేరు చాంగాన్. మన ప్రాంతం గురించి రాసిన మనిషి ఇక్కడి నుంచే బయల్దేరి మళ్లీ ఇక్కడికే తిరిగొచ్చాడు, ఆ సంగతి కింద రాస్తా.

ఒక్క రోజు సరిపోతుందా?

సరిపోతుంది, అత్యాశకి పోకపోతే. పొద్దున మట్టి సైనికులు, మధ్యాహ్నం పెద్ద హంస పగోడా (పాత బౌద్ధ గోపురం), సాయంత్రం ఊరి గోడ, రాత్రి ముస్లిం వీధిలో తిండి, అంతే. మొదటిసారి మేం వీటికి తోడు హిస్టరీ మ్యూజియం, వేడినీటి గుండాలున్న హువాచింగ్ ప్యాలెస్, గంట గోపురం కూడా ఇరికించాం, ఇంటికొచ్చాక ఏది ఎక్కడ చూశామో ఫొటో కింద టైం చూస్తే తప్ప గుర్తు రాలేదు. గంట గోపురం కోసం విడిగా టైం పెట్టక్కర్లేదు, 1384లో కట్టింది, 1582లో ఇప్పుడున్న చోటికి మార్చారు, నాలుగు రోడ్ల మధ్యలో ఉంటుంది కాబట్టి ఎటు వెళ్లినా కనబడుతూనే ఉంటుంది, రాత్రి లైట్లలో ఇంకా బాగుంటుంది.

గైడ్ తప్పనిసరా?

సగం రోజుకి తప్పనిసరి, మిగతా సగానికి అక్కర్లేదు. ఇది నా సొంత లెక్క.

మట్టి సైనికుల దగ్గర గైడ్ లేకుండా వెళ్తే ఒక పెద్ద షెడ్డు, అందులో గుంట, గుంటలో బొమ్మలు, మన ముందు మూడు వరసల జనం, అంతే కనబడుతుంది. మా రెండో ట్రిప్‌లో డబ్బు మిగుల్చుదామని గైడ్ లేకుండా వెళ్లి నలభై నిమిషాల్లో బయటికొచ్చేశాం. అదే చోట మూడోసారి గైడ్‌తో మూడు గంటలు పట్టింది, నాన్న ఇంకా కదలనన్నారు. పగోడాకీ గోడకీ తిండికీ మాత్రం మీ ఫోనూ మీ కాళ్లూ చాలు. అందుకని రోజంతా కాకుండా పొద్దున ఆరేడు గంటలకే గైడ్‌ని మాట్లాడుకోండి, చాలామంది ఒప్పుకుంటారు.

ఇంకోటి, లైసెన్స్ ఉన్న గైడ్ దగ్గర గవర్నమెంట్ ఇచ్చిన కార్డు ఉంటుంది, అడిగితే చూపిస్తారు, అడగడానికి మొహమాటపడకండి. స్టేషన్ బయటా మ్యూజియం గేటు బయటా వెంటపడేవాళ్లతో మాత్రం వెళ్లొద్దు. దారిలో నకలు బొమ్మలు పెట్టిన ప్రదర్శనలకి తీసుకెళ్లి ఇదే మ్యూజియం అని చెప్పే మోసం చాలా ఏళ్లుగా ఉంది.

గ్రూప్ టూర్ చవక కదా, అది తీసుకోవచ్చా?

మొదటిసారి మేం తీసుకున్నది అదే. ఏజెన్సీ పేరెందుకు గానీ, పొద్దున ఎనిమిదింటికి బస్సెక్కితే పది దాటినా సైనికుల దగ్గరికి చేరలేదు. ముందు ఒక "వర్క్‌షాప్" దగ్గర ఆపారు, ఐదు నిమిషాలు మట్టి పిసకడం చూపించి గంటసేపు షాపులో వదిలారు, మధ్యాహ్నం ఇంకో చోట జేడ్ గాజులు. ఏమీ కొనకపోతే గైడ్ ముఖం మాడ్చుకుంది, పాపం ఆమె సంపాదన ఆ కమీషన్ మీదే అనుకుంటా, కానీ నా రోజు పోయింది కదా. బుక్ చేసే ముందు "షాపింగ్ స్టాప్‌లు ఉండవు" అని మెసేజ్‌లో రాయించుకోండి. నోటిమాట చాలదు. ఎంట్రీ టికెట్లు, కారు, భోజనం, వీటిలో ఏవి ధరలో కలిసున్నాయో కూడా అందులోనే రాయించుకోండి. నలుగురుంటే ప్రైవేట్ గైడ్‌కీ గ్రూప్ టూర్‌కీ తలకి పెద్ద తేడా రాదు.

మట్టి సైనికుల దగ్గర అసలు ఏం చూడాలి?

ముందు కథ. 1974 మార్చిలో అక్కడి రైతులు కరువుకి బావి తవ్వుతుంటే మట్టి తల ఒకటి బయటపడింది. క్రీ.పూ. 210లో చనిపోయిన చిన్ షి హువాంగ్ సమాధి కాపలా సైన్యం అది, చైనా మొత్తాన్ని ఒక్కటి చేసిన మొదటి చక్రవర్తి ఆయన. 1979లో మ్యూజియం తెరిచారు, 1987లో యునెస్కో లిస్టులో చేరింది. ఆ బావి తవ్విన చోటు ఒకటో గుంట ముందు మూలలో ఇప్పటికీ గుర్తు పెట్టి ఉంటుంది, గైడ్‌ని అడిగి చూడండి. బావి నాలుగైదు మీటర్లు పక్కకి తవ్వుంటే ఏమయ్యేది అని నాన్న అక్కడే నిలబడి లెక్కలేస్తూ ఉండిపోయారు.

గుంటలు మూడు. ఒకటోది 230 మీటర్ల పొడవు, 62 మీటర్ల వెడల్పు, ఫొటోల్లో మీరు చూసేది ఇదే. అన్నీ కలిపి 8 వేల దాకా సైనికులుంటారని అంచనా, బయటికి తీసింది అందులో కొంతే, మిగతావాళ్లు ఇంకా మట్టిలోనే. మనం అనుకునేట్టు నిలబడ్డవి నిలబడ్డట్టే దొరకలేదు, పైన వేసిన కొయ్య దూలాలు కాలి కూలిపోయి దాదాపు అన్నీ ముక్కలైపోయాయి, ఒక్కో బొమ్మనీ ముక్కముక్క అతికించి నిలబెట్టారు. గుంటలో గోడల మీద అలలు అలలుగా కనబడేది ఆ దూలాల అచ్చే. ముందు వరసల దగ్గర తోసుకోకుండా షెడ్డు వెనక్కి నడవండి, అక్కడ సగం అతికించిన బొమ్మలుంటాయి, తల లేనివీ నడుం దాకానే ఉన్నవీ, ఒంటికి ట్యాగులు కట్టి ఉంటాయి. మా గైడ్ దాన్ని ఆసుపత్రి అంది. నాకు ముందు వరసల కంటే అదే నచ్చింది.

రెండో గుంటలో తవ్వింది తక్కువ, పైపైన చూసి చాలామంది వెళ్లిపోతారు, వెళ్లకండి. గోడ పక్కన అద్దాల పెట్టెల్లో కొన్ని బొమ్మల్ని విడిగా పెట్టారు, వాటి దగ్గరికి మొహం ఆనించేంత దగ్గరగా వెళ్లొచ్చు. మోకాలి మీద కూర్చున్న విలుకాడు ఉంటాడు, అందరూ ముందు నుంచి ఫొటో తీసుకుంటారు, మీరు వెనక్కి వెళ్లి వంగి కుడికాలు చూడండి. బూటు అడుగు పైకి తిరిగి ఉంటుంది, ఆ అడుగున కుట్లు కనబడతాయి, ముందు భాగంలోనూ మడమ దగ్గరా దగ్గరదగ్గరగా, మధ్యలో పలచగా. నేల మీద జారకుండా కుట్టే పద్ధతి. మట్టిలో పాతిపెట్టే బొమ్మకి, ఎవరూ చూడని చోట, రెండు వేల రెండొందల ఏళ్ల కింద ఎవరో కూర్చుని ఆ కుట్లు ఒక్కొక్కటే పొడిచారు. అక్కడ అమ్మ ఒక్కటే మాట అంది, "వీడికి ఎవరు చూస్తారని!"

ఈ బొమ్మలకి ఒకప్పుడు రంగులుండేవి, ఎరుపు, ఆకుపచ్చ, ఊదా. తవ్వగానే గాలి తగిలి నిమిషాల్లో పొరలు లేచి రాలిపోయాయి. తవ్వకం అంత నెమ్మదిగా సాగడానికి ఇదీ ఒక కారణం. మూడో గుంట చిన్నది, 68 బొమ్మలు, సైన్యం కమాండ్ ఆఫీస్ లాంటిది, పది నిమిషాలు చాలు.

కంచు రథాలు కూడా అదే టికెట్‌లో వస్తాయి. 1980లో దొరికాయి, అసలు సైజులో సగం ఉంటాయి, ఒక్క రథానికే 3 వేలకు పైగా విడిభాగాలు. ఇవి సైనికులున్న చోట కాకుండా సమాధి ఉన్న పార్కులో వేరే మ్యూజియంలో ఉన్నాయి, మధ్యలో ఫ్రీ షటిల్ బస్సుంది. టైం లేదని చాలామంది గైడ్లు దీన్ని దాటేస్తారు, ముందే అడిగి పెట్టుకోండి.

సమాధి లోపలికి వెళ్లొచ్చా?

లేదు, దాన్ని ఇంతవరకూ తెరవలేదు. బయటినుంచి చెట్లు పెరిగిన గుట్టలా ఉంటుంది. లోపల పాదరసంతో నదులు పారించారని చరిత్రకారుడు సీమా చియెన్ క్రీస్తు పూర్వమే రాశాడు, ఆ మట్టిలో పాదరసం మామూలు కంటే ఎక్కువుందని పరీక్షల్లో తేలింది కూడా. గుట్ట చూడ్డానికే ప్రత్యేకంగా వెళ్లక్కర్లేదు, రథాల కోసం వెళ్తే ఎలాగూ కనబడుతుంది.

సైనికుల మధ్యలోకి దిగి ఫొటో తీసుకోవచ్చా?

కుదరదు. నెట్‌లో అలాంటి ఫొటోలు చూసుంటారు, అవి దాదాపు అన్నీ బయట షాపుల్లో నకలు బొమ్మల మధ్య తీసినవే.

టికెట్లు ఎంత, ఎలా?

మేం వెళ్లినప్పుడు సైనికుల మ్యూజియం 120 యువాన్లు, ఊరి గోడ 54 యువాన్లు. యువాన్ మన డబ్బుల్లో సుమారు 12, 13 రూపాయలు వేసుకోండి. సైనికుల మ్యూజియం టికెట్ పాస్‌పోర్ట్ నంబర్‌తో ముందే ఆన్‌లైన్‌లో బుక్ చేయాలి, గేటు దగ్గర ఒరిజినల్ పాస్‌పోర్ట్ స్కాన్ చేస్తారు, జిరాక్స్ చెల్లదు. హోటల్ లాకర్లో పెట్టి బయల్దేరితే కథ అక్కడే అయిపోతుంది. గైడ్‌కి నంబర్లు పంపేటప్పుడు ఒక్కో అక్షరం చూసి పంపండి, మా మరిది పాస్‌పోర్ట్‌లో ఒక అంకె తప్పు పడి గేటు దగ్గర అరగంట పోయింది.

గైడ్ లేకుండా వెళ్తే మెట్రో లైన్ 9లో హువాచింగ్ చి స్టేషన్ దాకా వెళ్లి అక్కడినుంచి బస్సు.

పెద్ద హంస పగోడా దగ్గర ఏముంది? ఎక్కువమంది బాగోదంటున్నారే?

ఫౌంటెన్ షో కోసం వెళ్తే నిజంగానే పెద్దగా ఏమీ ఉండదు. మనం వెళ్లేది ఆయన కోసం.

హ్యుయెన్ త్సాంగ్ (ఇక్కడ షువాన్‌జాంగ్ అంటారు) మన దేశమంతా తిరిగి, నలందలో చదువుకుని, 645లో ఈ ఊరికి తిరిగొచ్చాడు, 657 సంస్కృత గ్రంథాలు గుర్రాల మీద వేసుకుని. ఆ పుస్తకాలు దాచడానికి 652లో కట్టిందే ఈ పగోడా. కట్టేటప్పుడు ఆయనే ఇటుకలు మోశాడని ఆయన జీవితచరిత్రలో ఉంది. మొదట ఐదంతస్తులే, తర్వాత మార్చి కట్టారు, ఇప్పుడు ఏడు, ఎత్తు 64 మీటర్లు. కొంచెం ఒరిగి ఉంటుంది, ఫోన్ వంకరగా పట్టుకున్నారని మీరు అనుకోవద్దు.

మాది గుంటూరు జిల్లా, అందుకే నాకు ఇది ఇంకా దగ్గర. ఆయన ఆంధ్ర దేశానికీ వచ్చాడు, వేంగి గురించి రాశాడు, ధాన్యకటకంలో, అంటే మన అమరావతిలో, కొన్ని నెలలు ఉండి అక్కడి భిక్షువుల దగ్గర చదువుకున్నాడు. అప్పటికే మనవైపు ఆరామాలు చాలావరకు పాడుబడి ఖాళీగా ఉన్నాయని రాశాడు. మనవైపు భాష మధ్య భారతపు భాషలా లేదు గానీ రాత మాత్రం అటువంటిదే అని కూడా రాశాడు. చిన్నప్పుడు కార్తీక మాసంలో అమరావతి గుడికెళ్లి స్తూపం దిబ్బ పక్కనుంచే నడిచి వెళ్లిపోయేవాళ్లం, ఒక్కసారి కూడా ఆగింది లేదు. ఇక్కడ వేల కిలోమీటర్ల దూరంలో ఆయన విగ్రహం ముందు నిలబడి ఈ సంగతి చెబుతుంటే మా గైడ్ నోరు తెరుచుకుని విని, ఆ ఊరి పేరు స్పెల్లింగ్ అడిగి నోట్ చేసుకుంది. మూడు ట్రిప్పుల్లో గైడ్‌కి మనం ఏదన్నా చెప్పిన సందర్భం ఇదొక్కటే.

పగోడా పైకెక్కడానికి విడిగా టికెట్, మెట్లు ఇరుకు, కిటికీలోంచి ఊరు కనబడుతుంది. మోకాళ్లు బాగుంటేనే ఎక్కండి.

ఊరి గోడ మీద సైకిల్ తొక్కొచ్చట, నిజమా?

నిజం, రోజంతటిలో పిల్లలకి నచ్చేది ఇదే. 1370ల్లో మింగ్ రాజుల కాలంలో కట్టిన గోడ, చుట్టుకొలత 13.7 కిలోమీటర్లు, ఎత్తు 12 మీటర్లు, పైన రెండు లారీలు పక్కపక్కన పోయేంత వెడల్పు. దక్షిణ ద్వారం దగ్గర సైకిళ్లు అద్దెకిస్తారు, ఇద్దరు తొక్కేవి కూడా ఉంటాయి. రాతి పలకలు ఎగుడుదిగుడుగా ఉండి నడుం అదిరిపోతుంది, ఆగి ఆగి తొక్కితే మొత్తం చుట్టుకి రెండు గంటలు పడుతుంది. మొత్తం చుట్టాలని పంతం వద్దు, దక్షిణ ద్వారం నుంచి తూర్పు వైపు కొంతదూరం వెళ్లి వెనక్కి రండి. పొద్దు గూకే గంట ముందు ఎక్కితే లైట్లు వేయడం కూడా చూడొచ్చు. ఎండాకాలం మధ్యాహ్నం మాత్రం ఎక్కొద్దు, నీడ అనేదే ఉండదు.

తిండి సంగతేంటి? శాకాహారులు బతకగలరా?

మా అమ్మ పూర్తి శాకాహారి, ఉల్లి, వెల్లుల్లి మాత్రం తింటుంది. బతికింది, రెండు పూటలు బాగా కూడా తింది.

ముందు తెలుసుకోవాల్సింది, ఇది గోధుమల దేశం. దక్షిణ చైనాలోలా అడుగడుగునా అన్నం దొరకదు, నూడుల్సూ రొట్టెలే. మనవాళ్లకి నచ్చేది బియాంగ్ బియాంగ్ నూడుల్స్, నడుముకి కట్టుకునే బెల్టంత వెడల్పుంటాయి. ఆ పేరు రాసే చైనా అక్షరానికి యాభైకి పైగా గీతలు, హోటల్ బోర్డు మీద ఇంత పెద్దగా రాసి ఉంటుంది, దాన్ని చూసే గుర్తుపట్టొచ్చు. వాటిని వేడి నూనె పోసే పద్ధతిలో చెప్పండి, యో పో అంటే చాలు. నూడుల్స్ మీద ఎండుమిరప కారం, వెల్లుల్లి, ఉల్లికాడలు కుప్పగా పెట్టి, పొగలొచ్చే నూనె గరిటెతో పైన పోస్తారు. చుయ్యిమని ఆ చప్పుడూ ఆ ఘాటూ, అచ్చం మన వంటింట్లో పోపు పెట్టినట్టే. అమ్మ మొదటిసారి నవ్వింది అక్కడే. చల్లటి లియాంగ్ పి నూడుల్స్ కూడా సాధారణంగా మాంసం లేకుండానే ఉంటుంది, పుల్లగా కారంగా బాగుంటుంది.

"వో ఛి సూ" అంటే నేను శాకాహారిని, "బు యావ్ రో" అంటే మాంసం వద్దు. కానీ నోటితో చెప్తే మన యాసకి వాళ్లకి అర్థం కాదు. మాంసం, చేప, గుడ్డు, మాంసం రసం, జంతువుల కొవ్వు, ఏవీ వద్దు అని గైడ్‌తో చైనీస్‌లో టైప్ చేయించుకుని స్క్రీన్‌షాట్ పెట్టుకోండి. మాంసం ముక్క లేకపోతే శాకాహారమే అనుకునేవాళ్లు చాలామంది, సూప్ దగ్గర దొరికిపోతాం.

మాంసం తినేవాళ్లకైతే పండగే. ముస్లిం వీధిలో పంది మాంసం ఉండదు, పొట్టేలు మాంసం చువ్వలకి గుచ్చి కాల్చి జీలకర్ర కారం చల్లి ఇస్తారు. యాంగ్ రో పావ్ మో అని ఇంకోటుంది, గట్టి రొట్టె రెండూ ఒక ఖాళీ గిన్నే మన ముందు పెట్టి వెళ్లిపోతారు, మనమే ఆ రొట్టెని శనగగింజంత ముక్కలుగా తుంచాలి, తర్వాత గిన్నె లోపలికి తీసుకెళ్లి మటన్ సూప్ పోసి తెస్తారు. మా ఆయన పెద్ద పెద్ద ముక్కలు తుంచితే పక్క టేబుల్ పెద్దాయన చూసి తల అడ్డంగా ఊపి తనే తుంచి చూపించాడు. లిన్‌తోంగ్ దానిమ్మలకి పేరు, మట్టి సైనికులుండేది అక్కడే, సీజన్లో వెళ్తే గేటు బయట అప్పటికప్పుడు పిండిన రసం తాగండి.

ఆ వీధి పక్క సందులో పెద్ద మసీదు ఉంటుంది, గుమ్మటాలు లేకుండా చైనా గుడిలా చెక్కతో, తోటలతో కట్టింది, ఇప్పుడున్న కట్టడాలు ఎక్కువగా మింగ్ కాలానివి. వీధిలో అంత గోల ఉన్నా లోపల పిట్టల చప్పుడే. ప్రార్థన హాల్లోకి మాత్రం ముస్లింలు కానివాళ్లని పంపరు.

డబ్బూ ఫోనూ ఎలా?

నగదు తీసుకుంటారు గానీ చిల్లర ఉండదు. అంతా అలీపే, వీచాట్, ఫోన్‌తో డబ్బు కట్టే యాప్‌లు. వీసా లేదా మాస్టర్ కార్డుని అలీపేకి జోడించుకోవచ్చు, 200 యువాన్లు దాటిన పేమెంట్ మీద 3 శాతం ఫీజు పడుతుంది. వీచాట్ మన దేశంలో 2020లోనే బ్యాన్ అయింది కాబట్టి ఇండియాలో డౌన్‌లోడ్ అవదు. గూగుల్, వాట్సాప్ అక్కడి వైఫైలో రావు, మన సిమ్ రోమింగ్‌లో ఉంటే మాత్రం వస్తాయి, అందుకని కనీసం ఒక్క ఫోన్‌లోనైనా ఇంటర్నేషనల్ రోమింగ్ ప్యాక్ వేయించుకోండి.

వీసా లేకుండా ట్రాన్సిట్‌లో చూసి రావచ్చా?

240 గంటల ట్రాన్సిట్ అని యూట్యూబ్‌లో చూసి చాలామంది అడుగుతున్నారు. ఆ దేశాల లిస్టులో ఇండియా లేదు. మన పాస్‌పోర్ట్‌కి ఎల్ వీసా, అంటే టూరిస్ట్ వీసా, తీసుకోవాల్సిందే. అమెరికా, బ్రిటన్ సిటిజన్‌షిప్ ఉన్న మనవాళ్లకైతే ఆ ట్రాన్సిట్ వర్తిస్తుంది. 2020లో ఆగిపోయిన డైరెక్ట్ ఫ్లైట్లు 2025 అక్టోబర్‌లో కోల్‌కతా నుంచి గ్వాంగ్‌జౌకి మళ్లీ మొదలయ్యాయి.

పెద్దవాళ్లు నడవగలరా?

నాన్నకి 68. సైనికుల మ్యూజియంలో గేటు నుంచి గుంటల దాకానే బాగా నడక, బ్యాటరీ బండి ఉంటుంది, డబ్బులిచ్చి ఎక్కేయండి, అక్కడ మిగిల్చేదేం లేదు. షెడ్డుల్లో కూర్చోడానికి చోటు తక్కువ. టాయిలెట్లు ఎక్కువగా మన ఇండియన్ టైపే, శుభ్రంగానే ఉంటాయి, కానీ నీళ్లుండవు, టిష్యూ కూడా ఒక్కోసారి ఉండదు, బ్యాగ్‌లో రెండు ప్యాకెట్లు వేసుకోండి. తాగడానికి వేడినీళ్లు మాత్రం ఎక్కడపడితే అక్కడ దొరుకుతాయి, ఫ్లాస్క్ తీసుకెళ్తే పెద్దవాళ్లు హాయిగా ఉంటారు.

ఏ నెలలో వెళ్లాలి?

ఏప్రిల్, మే లేదా సెప్టెంబర్, అక్టోబర్. అక్టోబర్ మొదటి వారం, మే మొదటి వారం, వాళ్ల కొత్త సంవత్సరం సెలవులు, ఈ మూడూ తప్పించండి, గుంట అంచున సైనికుల కంటే మనుషులే ఎక్కువ కనబడతారు. జనవరిలో టెంపరేచర్ సున్నా కిందకి పోతుంది, జూలైలో మన విజయవాడ ఎండలే.

గైడ్‌కి టిప్ ఇవ్వాలా?

అక్కడ మామూలుగా ఆ అలవాటు లేదు. మేం ఇంటినుంచి తెచ్చిన పూతరేకుల ప్యాకెట్ ఇచ్చాం. కాగితమనుకుని పైపొర తీసేయబోయింది.

రాత్రి హోటల్‌కి తిరిగి రావడం సేఫేనా?

ముస్లిం వీధి, గంట గోపురం దగ్గర రాత్రి పదింటికి కూడా పిల్లల్ని ఎత్తుకుని తిరుగుతూనే ఉంటారు, భయమేం లేదు. మెట్రో పదకొండు దాకా తిరుగుతుంది, లైన్ 2 ఆ గంట గోపురం పక్కనుంచే వెళ్తుంది. హోటల్ పేరు చైనీస్‌లో ఉన్న కార్డు ఒకటి రిసెప్షన్‌లో అడిగి ప్రతి ఒక్కరి జేబులో పెట్టండి, ముఖ్యంగా నాన్నల జేబులో.